మూడో కొక్కేనికి వేలాడిన కారు

తాళాల షాపు, మెట్ల కింద
ఫిబ్రవరి 3

మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

ఇందుమూలముగా యావన్మంది బంధుజనానికి తెలియజేయడమేమనగా: మా అక్కగారింట్లో వీధి తలుపు పక్కన నేను స్వహస్తాలతో చేసి బిగించిన తాళాల పలక మీద, మూడవ కొక్కేనికి, నేటి నుంచి గొడుగులు గానీ, సంచులు గానీ, బావగారి తడి టోపీ గానీ తగిలించరాదు. ఒకటవ కొక్కెం ఇంటి తాళానికి. రెండవది బీరువాకి. మూడవది కారుకి. నాలుగవది తర్వాత ఆలోచించడానికి. ఈ శాసనాన్ని మీరినవారు తమ తాళాలు తామే వెతుక్కొందురు గాక. ఇట్లు, సంతకం, ముద్ర, గ్రీజు మరక.

ముద్ర లేదు. మరక మాత్రం అసలైనదే, కింద చూడు.

శాసనం అయిపోయింది కాబట్టి ఇక మామూలు మనిషిలా రాస్తాను. అక్కా, నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఫోన్ చేద్దామంటే నువ్వు చేయనివ్వవు. నిరుడు నేను కరెంటాఫీసు పెద్దాయన గొంతు పెట్టి, "అమ్మా, మీ లైన్లో కరెంటు ఎక్కువైపోయింది, ఫ్రిజ్ తలుపు తెరిచి కాస్త బయటికి వదలండి" అన్నాను. నువ్వు గంటసేపు తలుపు పట్టుకుని నిలబడ్డావు. గంటసేపు అని నేను చెప్పానా? "కాస్త" అన్నాను. అప్పటి నుంచి "నీ గొంతు నమ్మను, నీ చేతిరాత అయితేనే నమ్ముతా, ఉత్తరంలో అబద్ధం రాయనని ఒట్టెయ్" అన్నావు. వేశాను. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి పట్టుకుని నెలకి రెండు ఉత్తరాలు రాయిస్తున్నావు. దీనికంటే ఫ్రిజ్ దగ్గర నిలబడటమే సుఖం.

ఇక్కడ నేనూ, నా తాళాలూ బాగానే ఉన్నాం. నిన్న ఒకాయన తాళంచెవి పోయిందని ఇల్లు తెరవడానికి నన్ను వెంటబెట్టుకెళ్లి, దారి పొడవునా తిడుతూ నడిచాడు. తలుపు తెరిచాక చూస్తే చెవి ఆయన పళ్ల మధ్యే ఉంది. అలా కరిచిపట్టుకుని ఎలా తిట్టగలిగాడన్నదే నాకు ఆశ్చర్యం.

రాయి. బావ ఎలా ఉన్నాడు? కారు ఎలా ఉంది? రెండోదాని గురించే ముందు రాస్తావని తెలుసులే.

నీ తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

మేం బాగున్నాం. నీ పలక బాగుంది. టోపీ తగిలించడం మానిపించాను. ఇక్కడ ఎండలు ముందే మొదలయ్యాయి. మీ బావ పొద్దున్నే బస్సుకి వెళ్తున్నారు, అందుకే త్వరగా లేస్తున్నాం. పని ఎక్కువగా ఉంది కాబట్టి ఇంతకంటే రాయలేను.

ఒక్క మాట. తాళంచెవి మన దగ్గరే ఉండగా వేరేవాళ్లు కారు తీసుకుపోగలరా? నాకు కాదు, పక్కింటావిడ అడగమంది.

అక్క


తాళాల షాపు, మెట్ల కింద
ఫిబ్రవరి 13

అక్కా,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. నాలుగోసారి తిరగేసి చూశాను, వెనకాల ఏమన్నా ఉందేమోనని.

మీ పక్కింటావిడకి సైకిలు కూడా లేదు. ఉన్న చక్రాల కుర్చీ వాళ్లాయనది, దానికి తాళం ఉండదు. బావ బస్సెక్కడమేమిటి? డయాలసిస్ వాళ్లని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి, వాళ్లని కూడా బస్సెక్కిస్తున్నాడా? పైగా ప్రతి ఉత్తరంలో కారు గురించి అర పేజీ రాసేదానివి. "మీ బావ నిన్న దాని అద్దం నా చీర కొంగుతో తుడిచారు" అని తిట్టిన ఉత్తరం ఇంకా నా దగ్గర ఉంది. ఈసారి కారు ఊసే లేదు.

నాకు ఒట్టు పెట్టి నువ్వు నీళ్లు నములుతున్నావు. ఉత్తరంలో అబద్ధం రాయకూడదన్నది నాకొక్కడికేనా?

ఉన్నది ఉన్నట్టు రాయి.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 18

ఒరేయ్ కోతీ,

కారు పోయింది.

జనవరి పద్దెనిమిదిన, పొద్దున్న ఏడు దాటాక. మీ బావ గడ్డం చేసుకుంటున్నారు, నేను గుడ్లు ఉడకబెడుతున్నాను. ఆయన బయటికొచ్చేసరికి గేటు ముందు చోటు ఖాళీగా ఉంది. అద్దం పగల్లేదు, అలారం మోగలేదు. తాళంచెవి నీ మూడో కొక్కేనికే ఉంది. రెండో చెవి బీరువాలో ఉంది. ఆయన ముఖానికి సగం నురగతోనే వీధి చివరిదాకా పరుగెత్తారు.

పోలీసులకి రాసిచ్చాం. బీమా కంపెనీ వాళ్లు పిలిచారు. అక్కడి మేనేజరు టై కట్టుకునే మనిషి. టైని సవరించుకున్నాకే మాట మొదలుపెడతాడు. "ఇది మామూలు కారు కాదండీ, మొత్తం కంప్యూటరే. చెవి దగ్గర లేకుండా అంగుళం కదలదు. రెండు చెవులూ మీ దగ్గరే ఉన్నాయంటున్నారు. అంటే మూడోది చేయించి మీరే ఎవరికో ఇచ్చారన్నమాట" అన్నాడు. మీ బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ మనిషి కిటికీలోంచి బయటికి వేలు చూపించి, "అదిగో, నాదీ అదే మోడల్. చెవి ఆ కోటు జేబులో పడుంటుంది, బయటికి తీయను కూడా తీయను. నేను దగ్గరికెళ్తేనే తెరుచుకుంటుంది. వేరేవాడు ముట్టుకుంటే రాయిలా ఉంటుంది" అని మురిసిపోయాడు. కోటు కిటికీ కొక్కేనికి వేలాడుతోంది, కారు గోడని ఆనుకుని ఉంది. నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఆ కోటే చూస్తూ ఉండిపోయాను, ఆయన ముఖం చూడలేక.

మార్చి పధ్నాలుగున మళ్లీ రమ్మన్నారు. "కారు పోయిందన్న మా ఫిర్యాదు పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాం" అని సంతకం పెడితే కేసు లేకుండా వదిలేస్తారట. పెడితే తప్పుడు ఫిర్యాదు చేసిన మనిషని ఆసుపత్రివాళ్లు డ్రైవర్ల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేస్తారు. పదకొండేళ్లుగా ఉన్న పేరు. లెక్కల టీచరమ్మని ఆయన ఇప్పుడు బస్సులో తీసుకెళ్తున్నారు. ఆవిడ చక్రాల కుర్చీ బస్సులో పట్టదు. డయాలసిస్ అయ్యాక ఆవిడ నిలబడలేదు, సీటు దొరక్కపోతే ఈయన భుజానికి ఆనుకుంటుంది. "సంతకం పెట్టేస్తాను, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు ఆయన.

ఇదీ ఉన్నది ఉన్నట్టు.

అక్క


తాళాల షాపు, షట్టరు దించి
ఫిబ్రవరి 22

అక్కా,

బావ చేత ఆ సంతకం పెట్టించావో, నేనొచ్చి నీ ఇంటి తాళాలన్నీ మార్చేసి చెవులు నా దగ్గర పెట్టుకుంటాను. వేళాకోళం కాదు.

ఆ టై మేనేజరుకి తెలియనిది నీకు చెబుతా, జాగ్రత్తగా చదువు. ఇప్పటి కారు తాళం పాత తాళం కాదు. పాత తాళానికి కళ్లున్నట్టే, చెవి పళ్లు తడిమి చూసి గానీ ఒప్పుకోదు. ఈ కొత్తది గుడ్డి కాపలావాడు. మనిషి ముఖం చూడడు, గొంతు ఒక్కటే గుర్తుపడతాడు. కారు "ఉన్నావా?" అని పిలుస్తుంది. తాళంచెవి "ఉన్నా" అంటుంది. అది వినబడితే తలుపు తీస్తుంది. అసలు గొంతు చిన్నది, రెండడుగులు దాటి వినబడదు, అందుకని భయం లేదనుకున్నారు ఆ చదువుకున్నవాళ్లు.

దొంగలు ఏం చేస్తారంటే, ఇద్దరొస్తారు. ఒకడు యంత్రం పట్టుకుని కారు దగ్గర నిలబడతాడు, ఇంకొకడు ఇంకో యంత్రంతో ఇంటి తలుపు దగ్గర. కారు పిలుపుని ఇక్కడికి మోస్తారు, చెవి పలుకుని అక్కడికి మోస్తారు. చెవి కొక్కేనికి అలాగే వేలాడుతూ ఉంటుంది. కారేమో, పక్కనే ఉంది కదా అనుకుని తలుపు తీసి, స్టార్టయి, దొంగని కూర్చోబెట్టుకుని పోతుంది. అద్దం పగలదు, అలారం మోగదు. ఎందుకు మోగుతుంది? దాని దృష్టిలో యజమాని వచ్చాడు.

నేను ఫోన్లో కరెంటాఫీసు గొంతు పెడితే నువ్వు ఫ్రిజ్ తలుపు తెరవలేదూ? అదే. ఇన్ని కంప్యూటర్లు పెట్టి చేసిన కారు కూడా నీకంటే తెలివైనదేం కాదు. (నవ్వావా? నవ్వకపోతే ఇంకోసారి చదువు.)

ఇప్పుడు అసలు మాట. అంత చిన్న గొంతు దొంగకి అందాలంటే చెవి వీధి తలుపుకి దగ్గర్లో ఉండాలి. లోపలి గదిలో ఉంటే అందేది కాదు. దాన్ని తలుపు పక్కన తగిలించమని పలక చేసి, నాలుగు మరలు బిగించి, అది చాలక మొన్న శాసనం కూడా రాసింది ఎవరు? నీ కారు ఆ రోజు నా మూడో కొక్కేనికే వేలాడింది, దొంగ వచ్చి తీసుకుపోయాడు. నేను తాళాలవాణ్ణి. నేనే దొంగకి చేతికందేలా పెట్టాను.

ఆ పొద్దున తలుపు దగ్గరికి ఎవరన్నా వచ్చారా? సంచి పట్టుకుని? గుర్తు తెచ్చుకో.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 27

తమ్ముడూ,

వచ్చాడు.

మీటరు చూసే అతను వచ్చాడురా. పసుపుపచ్చ కోటు, చేతిలో పెద్ద నల్ల సంచి. సంచిని తలుపుకి ఆనించి నిలబడ్డాడు. నేను కిటికీలోంచి "బాబూ, మీటరు పక్క గోడకి ఉంది" అని చెప్పాను. "థాంక్సండీ" అన్నాడు. చాలా మర్యాదగా. నేను గుడ్లు దించడానికి లోపలికెళ్లాను. ఈ సంగతి ఎవ్వరికీ చెప్పలేదు, ఎందుకంటే మీటరు మనిషి మీటరే చూస్తాడు కదా అనుకున్నాను. దొంగకి దారి చూపించి, థాంక్స్ కూడా చెప్పించుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పలేదు. ఒట్టు ఇద్దరికీ అన్నావు కాబట్టి రాస్తున్నాను.

మేనేజరు ఆ మాట అన్న మర్నాడు నేను మీ బావ చొక్కా జేబులు వెతికాను. ఒక కాయితం దొరికింది, పాత కార్లు కొనేవాళ్ల ప్రకటన, మన కారు మోడల్ చుట్టూ పెన్నుతో గీత. దాన్ని చేత్తో పట్టుకుని ఉండగా ఆయన గదిలోకి వచ్చారు. నేను ఏమీ అడగలేదు. అయినా అడిగినట్టే అయ్యింది. ఆ టై మనిషి అన్నప్పుడు ఆయనకి కోపమొచ్చింది. నేను అనుమానించినప్పుడు మాత్రం ఏమీ రాలేదు. చొక్కా తీసుకుని వేసుకుని బస్సుకి వెళ్లిపోయారు. అప్పటి నుంచి "ఆ", "ఊ", "సంతకం పెట్టేస్తాను" తప్ప మాట్లాడటం లేదు. రోజూ పొద్దున్నే ఆ రెండు తాళంచెవుల్నీ తుడిచి మళ్లీ తగిలిస్తున్నారు.

నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదివారు. రెండుసార్లు చదివారు. "మీ తమ్ముడు ఫ్రిజ్ సంగతి ఇంకా వదల్లేదా" అన్నారు. నెల రోజుల్లో అదే పొడుగాటి మాట.

సంతకం పెట్టనన్నారు. కానీ ఆ మేనేజరు ఇదంతా కట్టుకథ అంటే?

అక్క


తాళాల షాపు, మెట్ల కింద
మార్చి 4

అక్కా,

అంటాడు. అనకుండా ఎలా ఉంటాడు, టై కట్టుకున్నాక? అందుకే మాటలతో పని లేదు. నేను యంత్రం చేస్తున్నాను. దొంగలు చేయగలిగింది నేను చేయలేనా? పధ్నాలుగున నేనొస్తున్నాను, బావ తరపు సాంకేతిక నిపుణుణ్ణి. నవ్వకు, రబ్బరు స్టాంపు కూడా చేయించాను.

నువ్వు రావద్దు. ఆ రోజు టీచరమ్మని నువ్వు ఆసుపత్రికి తీసుకెళ్లు. బావకి మాత్రం పొద్దున్నే ఏదన్నా కట్టివ్వు, ఆ ఆఫీసులో ఎంతసేపు కూర్చోబెడతారో.

ఆ గది నేలమీదే కదా, మేడ మీద కాదు కదా? కారు డ్రైవరు వైపు గోడకి ఉందా, అవతలికి ఉందా? ఊరికే అడుగుతున్నాను, పక్కింటావిడకి.

తమ్ముడు


ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 16

కోతీ,

గది నేలమీదే, డ్రైవరు వైపు గోడకే అని కార్డు రాశాను, అందింది కదా. ఇప్పుడు నా వంతు అడగడం. ఏం జరిగింది?

మీ బావ సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. నీళ్లు ఇస్తే గ్లాసులోకి నవ్వారు. "సంతకం పెట్టలేదు. కేసు మళ్లీ తెరిచారు" అన్నారు. ఎలాగండీ అంటే చెయ్యి ఊపి మళ్లీ నవ్వు. నేను కట్టిచ్చిన గుడ్లు తినకుండా వెనక్కి తెచ్చారు, పైగా ఆ డబ్బా చూసి కళ్లు తుడుచుకున్నారు. ఆకలి కూడా తెలియనంత ఏం చేశావురా అక్కడ? నువ్వేమో ఇంటికి కూడా రాకుండా బస్సెక్కేశావు.

ఉన్నది ఉన్నట్టు రాయి.

అక్క


తాళాల షాపు, ముందున్న స్టూలు
మార్చి 19

అక్కా,

చేతులు తుడుచుకుని కూర్చున్నాను, గ్రీజు పడితే ఈ ఉత్తరం విలువ తగ్గుతుంది. ఇది దాచుకోవలసిన ఉత్తరం.

గదిలో టై మేనేజరు, అతని టైపిస్టు, మీ స్టేషన్ ఎస్సై ఉన్నారు. ఎస్సై టీ తాగుతూ, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు గడియారం చూస్తున్నాడు. బల్ల మీద సంతకం కాయితం, దాని మీద మూత తీసిన పెన్ను సిద్ధంగా పెట్టారు. నా స్టాంపు కాయితం చూసి మేనేజరు టై సవరించుకున్నాడు.

"మీరేం చదివారు?"

"ఎనిమిదండీ."

"ఎనిమిదేళ్లా? ఇంజనీరింగా?"

"ఎనిమిదో తరగతి. రెండుసార్లు."

టైపిస్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేనేజరు, "చూడండి, మా నిపుణుల నివేదిక ఉంది. చెవి లేకుండా ఆ తాళం తెరుచుకోవడం అసంభవం" అన్నాడు.

"మీ కారుక్కూడానా?"

"నా కారుక్కూడా."

అంతే, నాకు కావలసింది ఆ ఒక్క మాటే. సంచిలోంచి నా రెండు పెట్టెలూ తీశాను. రేకు పెట్టెలు, పైన రాగి తీగ చుట్టలు, ఒకదానికి ఎర్ర లైటు. ఒకటి బావ చేతిలో పెట్టి కిటికీ దగ్గర నిలబెట్టాను. "బావా, గట్టిగా ఊపిరి పీల్చకు, యంత్రం బెదురుతుంది" అన్నాను. పాపం, బిగపట్టుకుని నిలబడ్డాడు, ముఖం కందిపోయింది.

"అయ్యా, మీ తాళంచెవి ఎక్కడుంది?"

"నా కోటు జేబులో. కనబడటం లేదా, మీ ఎదురుగానే ఉంది."

"మంచిది. జేబు మీద మీరే చెయ్యి వేసుకుని ఉండండి. ఎవరైనా తీశారని తర్వాత అనకూడదు. ఎస్సైగారూ, మీరు ఆయన చేతిని చూస్తూ ఉండండి."

మేనేజరు వెళ్లి కిటికీ దగ్గర కోటు జేబు పట్టుకుని నిలబడ్డాడు, జేబుదొంగ తన జేబే కొట్టేసుకుంటున్నట్టు. నేను రెండో పెట్టె చంకలో పెట్టుకుని బయటికెళ్లి, చుట్టూ తిరిగి ఆ కారు దగ్గరికొచ్చాను. మీట నొక్కాను, ఎర్ర లైటు వెలిగింది. రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపించాను, ఖాళీ అని. తర్వాత ఒక్క వేలు, చిటికెన వేలు, తలుపు పిడికి ఆనించాను.

అక్కా, ఆ కారు నాకు కన్ను కొట్టింది. ముందూ వెనకా దీపాలు వెలిగాయి, ముడుచుకున్న అద్దాలు చేతులు చాచినట్టు విచ్చుకున్నాయి, తలుపు "టక్" మంది. లోపల కూర్చుని ఒకటే హారన్ కొట్టాను. ఎదురింటి మీద పావురాలన్నీ లేచిపోయాయి. ఎస్సై టీ ఒలికింది. టైపిస్టు కుర్చీ ఎక్కి చూస్తోంది.

మేనేజరు కిటికీలోంచి సగం బయటికొచ్చి, "ఏయ్! అది నా కారు!" అని అరిచాడు. చెయ్యి మాత్రం జేబు మీదే ఉంది, పాపం మాటకి కట్టుబడ్డ మనిషి.

నేను తాపీగా అద్దం దించినట్టు నటించి (తలుపు తెరిచే ఉందిలే) అన్నాను: "అలా ఎలాగండీ? చెవి లేకుండా ఈ కారు తెరుచుకోదు కదా. తెరుచుకుందంటే మీరే నాకు ఇచ్చి ఉంటారు. ఇచ్చినట్టు ఓ సంతకం పెడతారా? కాయితం బల్ల మీద సిద్ధంగా ఉంది, పెన్నుకి మూత కూడా తీసే ఉంది."

ఎస్సై నవ్వాడు. పోలీసు నవ్వు దగ్గరగా విన్నావా ఎప్పుడన్నా? షట్టరు పైకెత్తినట్టు ఉంటుంది.

"స్టార్ట్ చేసి చూపించు" అన్నాడు ఎస్సై. నేను బటన్ మీద వేలు పెట్టాను. "అలాగేనండీ. కానీ ఈ యంత్రం కొత్తది, స్టార్టయ్యాక ఆపడం ఇంకా నేర్చుకోలేదు" అన్నాను.

"వద్దు! వద్దు! ఒప్పుకున్నాను, దిగవయ్యా బాబూ!" అన్నాడు మేనేజరు. టై వీపు వైపుకి వెళ్లిపోయింది.

తర్వాత అరగంటలో అంతా అయిపోయింది. సంతకం కాయితాన్ని బావ అడిగి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు, చాలా శ్రద్ధగా, అంచులు సమంగా. ఎస్సై మన కారుది దొంగతనమే అని రాసుకుని, మీటరు మనిషి గురించి అన్నీ అడిగాడు. ఆసుపత్రికి ఉత్తరం రాయించాం, బావ పేరు జాబితాలో ఉన్నచోటే ఉంటుంది.

బస్టాండులో బావ చెప్పిన మాట కూడా రాస్తాను, నీకు చెప్పవద్దన్నాడు కానీ ఒట్టు ఉంది. "మీ అక్క జేబు వెతికిందని నాకు కోపం లేదు. ఆ కాయితం నాదే. కారు అమ్మేసి, టీచరమ్మ కుర్చీతో సహా ఎక్కే పెద్ద బండి తీసుకుందామనుకున్నాను. మీ అక్కకి చెప్పేలోపే కారు పోయింది. పోయాక చెబితే ఎవరు నమ్ముతారు? నమ్మలేదని తనని అనడం దేనికని నోరు మూసుకున్నాను" అన్నాడు.

మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోవడానికి నేను స్టాంపు అంటించాల్సి వస్తోంది. వెళ్లి మాట్లాడు.

సాంకేతిక నిపుణుడు


ఇల్లు, వీధి అరుగు
ఏప్రిల్ 28

తమ్ముడూ,

మాట్లాడాను. "ఏమండీ, తప్పయింది" అన్నాను. ఆయన "టీచరమ్మ కుర్చీ ఎంత వెడల్పు ఉంటుందో ఓసారి కొలిచి పెట్టు" అన్నారు. మా ఇద్దరికీ అది చాలు.

ఇక నా గొప్ప విను. నీ ఒక్కడికే ఉందనుకోకు.

మొన్న మధ్యాహ్నం టీచరమ్మకి మందులు తెచ్చి వెనక్కి వస్తున్నాను. మన వెనక వీధిలో ఒక ఇంటి తలుపుకి నల్ల సంచి ఆనించి పసుపుపచ్చ కోటు మనిషి నిలబడి ఉన్నాడు. ముఖం అవతలికి ఉంది. పొరపాటైతే ఎలా? అందుకని గేటు దగ్గర నిలబడి, ఆ రోజు అన్నట్టే అన్నాను: "బాబూ, మీటరు పక్క గోడకి ఉంది."

వాడు వెనక్కి తిరక్కుండానే, అదే గొంతుతో, "థాంక్సండీ" అన్నాడు.

గొంతుని బట్టి మనిషిని పట్టుకోవడం నాకు మాత్రం రాదనుకున్నావా? గేటు గడియ వేసి, వాడి సంచి పట్టీ రెండు చేతులతో పట్టుకుని అరిచాను. చిన్నప్పుడు నువ్వు నా పలక తీసుకుని పారిపోతే అరిచేదాన్నే, అలా. వీధి వీధంతా బయటికొచ్చింది. వాడు సంచి వదలడు, నేను వదలను. కారు దగ్గర నిలబడ్డ రెండోవాడు పరుగెత్తబోతే ఎదురింటి చాకలాయన ఇస్త్రీ బల్ల అడ్డం తోశాడు. ఎస్సై వచ్చేసరికి నేను ఆ సంచి మీద కూర్చుని ఉన్నాను.

వాళ్లు చూపించిన షెడ్డులో ఆరు కార్లు దొరికాయి. మనది మూడోది. నంబరు పలక మార్చారు కానీ సీటు మీద నేను కుట్టిన దిండు అలాగే ఉంది. మీ బావ దాన్ని ఇంటికి తోలుకొచ్చి, నా కొంగుతో అద్దం తుడిచారు. ఈసారి నేను తిట్టలేదు. టై మేనేజరు స్వయంగా వచ్చి క్షమించమన్నాడు. అతని తాళంచెవి ఇప్పుడు మూత బిగించే రేకు డబ్బాలో ఉంటోందట. మన వీధిలో అందరివీ అలాగే, నేనే చెప్పి పెట్టించాను. నీ పలక మీద మూడో కొక్కేనికి మళ్లీ టోపీ తగిలించాను.

ఒక్క సందేహం. స్టేషన్లో ఆ సంచి తెరిచి దొంగల యంత్రం నాకు చూపించారు. నీదానిలా ఉంటుందనుకున్నాను. రాగి తీగ బయటికి కనబడదు, ఎర్ర లైటూ లేదు. నీదానికి లైటు ఎందుకు పెట్టావు? ఎస్సై నీ యంత్రం ఒకసారి తెచ్చి చూపించమంటున్నాడు, పైవాళ్లకి పంపుతాడట. మీ బావని అడిగితే లేచి పెరట్లోకి వెళ్లిపోయి నవ్వుతున్నారు.

అక్క

(కింద వేరే చేతిరాత) బావమరిదీ, ఇక నా వల్ల కాదు. నువ్వే చెప్పు.


తాళాల షాపు, మెట్ల కింద
మే 3

దొంగని పట్టిన అక్కగారికి, దొంగ తమ్ముడు సాష్టాంగపడి రాయునది,

ముందు నీకు దండం. నేను ఖాళీ కారులో కూర్చుని హారన్ కొట్టాను, నువ్వు దొంగ సంచి మీద కూర్చున్నావు. మన ఇంట్లో అసలు తాళం నువ్వే. షాపుకి వచ్చిన ప్రతివాడికీ నీ కథ చెబుతున్నాను. నిన్న ఒకాయన వినీ వినీ, తను దేనికొచ్చాడో మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఎస్సైగారికి నా యంత్రం పంపలేను. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

కారు నిజంగానే తెరుచుకుంది. నా చేతిలో చెవి లేదు, అదీ నిజం. కారు గుడ్డిదన్నది నూటికి నూరుపాళ్లు నిజం, దాని రుజువు నువ్వు పట్టిన సంచిలోనే దొరికింది. కానీ నువ్వే ఫిబ్రవరిలో రాశావు కదా, కోటు కిటికీ కొక్కేనికి వేలాడుతోంది, కారు గోడని ఆనుకుని ఉంది అని. తెరిచిన కిటికీకి అవతల రెండడుగుల్లోనే డ్రైవరు తలుపు. చెవి పక్కనే ఉంది, కారుకి గొంతు వినబడింది, ఎవరి వేలు తగిలినా తెరుచుకునేది. ఆ మేనేజరు కారు కూడా అచ్చంగా నీ కారులాగే ఒక కొక్కేనికే వేలాడుతోంది. అతను కోటు పట్టుకుని అవతలికి నడవకుండా ఉండాలనే జేబు మీద చెయ్యి వేయించి అక్కడే నిలబెట్టాను. ఇంజను మాత్రం, చెవి లోపల లేదు కాబట్టి, స్టార్టయ్యేది కాదు. ఆ బటన్ నొక్కి ఉంటే బావ సంతకం పెట్టేవాడు, నేను ఎస్సైగారి జీపులో వచ్చేవాణ్ణి. మేనేజరు "వద్దు" అనేదాకా నా వీపు మీద చెమట కాలువ కట్టింది.

పది రోజులు నిజంగానే ప్రయత్నించాను అక్కా. ఎనిమిదో తరగతికి అది అందలేదు.

యంత్రం లేదు. ఎప్పుడూ లేదు. నా పెట్టెలో ఉన్నది పాత టార్చిలైటు. బావ ఊపిరి బిగపట్టి పట్టుకున్న పెట్టెలో ఉన్నవి, నువ్వు పొద్దున్నే కట్టిచ్చిన రెండు ఉడకబెట్టిన గుడ్లు.